మూజువాణి సిద్ధాంతం

కొల్లాపూర్ ఓటరు మాట మీద నిలబడే మనిషి. 2018లో కాంగ్రెస్‌ను గెలిపించాడు, 2023లోనూ కాంగ్రెస్‌నే గెలిపించాడు. మధ్యలో జరిగిన దాంట్లో ఆయన తప్పేమీ లేదు. మొదటిసారి కాంగ్రెస్ అంటే బీరం హర్షవర్ధన్ రెడ్డి, ఆయన చేతిలో ఓడింది టీఆర్ఎస్ మంత్రి జూపల్లి కృష్ణారావు. రెండోసారి కాంగ్రెస్ అంటే జూపల్లి కృష్ణారావు, ఆయన చేతిలో ఓడింది బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) అభ్యర్థి బీరం హర్షవర్ధన్ రెడ్డి. నియోజకవర్గం అదే, ముఖాలు అవే, పార్టీలు అవే. కండువాలే ఒకరివి ఒకరు వేసుకున్నారు. 2018 డిసెంబరులో చేతి గుర్తు మీద పడిన ఓటు, 2019 జూన్ నాటికి కారెక్కి కూర్చుంది. ఓటేసినవాడు మాత్రం సోమశిల రేవు దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

జూపల్లి గారు ఆరుసార్లు గెలిచినవారు. పాలమూరులో ఇంతకాలం నిలదొక్కుకోవడం ఆషామాషీ కాదు. 1999లో కాంగ్రెస్. 2004లో కాంగ్రెస్‌కు, టీఆర్ఎస్‌కు పొత్తు కుదిరింది; ఈయన స్వతంత్రుడిగా నిలబడి గెలిచారు. 2009లో మళ్లీ కాంగ్రెస్, ఆపైన మంత్రి పదవి. 2011లో తెలంగాణ కోసం రాజీనామా, 2012 ఉప ఎన్నికలో టీఆర్ఎస్ తరఫున గెలుపు. 2014లో అదే పార్టీ, మళ్లీ మంత్రి పదవి. 2018లో ఓటమి. 2023 ఏప్రిల్‌లో బీఆర్ఎస్ సస్పెండ్ చేసింది, ఆగస్టులో కాంగ్రెస్ చేర్చుకుంది, డిసెంబరులో మరోసారి మంత్రి. న్యాయం మాట్లాడుకుందాం. 2011లో ఆయన ఎమ్మెల్యే పదవి వదులుకుని మరీ ప్రజల దగ్గరకు వెళ్లారు. 2023లో వదులుకోవడానికి చేతిలో పదవి లేదు. చుట్టుపక్కల నియోజకవర్గాలతో పోలిస్తే ఈయనది మడి కట్టుకున్న వ్యవహారమే.

మరి ఇరవై ఐదేళ్ల ఈ ప్రయాణంలో జూపల్లి గారి సిద్ధాంతం ఏమిటి? ఆయనదే కాదు, నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో రెండుసార్లకు మించి గెలిచిన ఏ నాయకుడిదైనా సరే, సిద్ధాంతం ఎక్కడ దొరుకుతుంది? అమెరికాలో ఈ పని సులువు. అక్కడి చట్టసభలో ముఖ్యమైన బిల్లుల మీద ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా అచ్చవుతుంది. దాన్ని ముందు పెట్టుకుని 1947 నుంచీ ఒక ఉదారవాద సంఘం ఏటా ఒక్కో సభ్యుడికి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తోంది. అవతలి పక్షం సంఘాలూ తమ లెక్కన మార్కులు వేస్తాయి. ముప్పై ఏళ్లు సభలో ఉన్న పెద్దమనిషి ఏ యుద్ధానికి తలూపాడో, ఏ పన్నుకు అడ్డం తిరిగాడో మనవడు కూడా తిరగేసి చూసుకోవచ్చు.

మన శాసనసభ రికార్డు తెరిచి చూడండి. బిల్లు ప్రవేశపెట్టారు, మంత్రి మాట్లాడారు, ప్రతిపక్షం వాకౌట్ చేసింది, అనుకూలురు అవునన్నారు, ప్రతికూలురు కాదన్నారు, బిల్లు ఆమోదం పొందింది. అవునన్నది ఎవరు? సభ. కాదన్నది ఎవరు? అదీ సభే. ఆ నిమిషంలో మన సారు అవునన్నారా, కాదన్నారా, ఫోన్ వచ్చిందని లాబీలోకి నడిచారా, కునుకు తీశారా అన్నది ఆయనకూ ఆయన అంతరాత్మకూ మధ్య విషయం. ఐదుసార్లు గెలిచిన ఎమ్మెల్యే ఇరవై ఐదేళ్లలో కొన్ని వందల చట్టాలకు అవునని ఉంటారు. ఆ వందల్లో ఒక్కదాని మీదైనా ఆయన పేరు చూపించండి చూద్దాం.

ఇంతకంటే పెద్ద విషయం ఇంకొకటుంది. 2014 ఫిబ్రవరి 18. వెయ్యి మందికి పైగా ప్రాణాలిచ్చారని మనం చెప్పుకునే తెలంగాణకు సంబంధించిన బిల్లు లోక్‌సభ ముందుకొచ్చింది. తలుపులు మూశారు, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. అరవై ఏళ్ల కొట్లాటకు ఫలితంగా వచ్చిన ఓటింగులో ఎవరు ఎటు నిలబడ్డారో పేర్ల జాబితా లేదు. అందుకేనేమో, ఆ సాయంత్రం నుంచి ఈ సాయంత్రం దాకా నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మైకు పట్టుకున్న ప్రతివాడూ తెలంగాణ తెచ్చింది తనే అంటున్నాడు. ఇచ్చింది మేమే అని ఒకరు, తెచ్చింది మేమే అని ఒకరు, మేం మద్దతివ్వకుంటే వచ్చేదా అని మరొకరు. కాదనడానికి మీ దగ్గర కాగితం ఏది?

ఓటు వేయడమనే పాడు అలవాటు మన సభ్యులకు బొత్తిగా లేదనలేం. వేసినప్పుడు ఫలితమూ అనుభవించారు. 2013 మార్చిలో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద టీఆర్ఎస్ అవిశ్వాస తీర్మానం పెట్టింది. ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశం తన సభ్యులను తటస్థంగా ఉండమంది. ప్రభుత్వం మీద విశ్వాసం లేదు, అవిశ్వాసమూ లేదు. అదీ ప్రతిపక్షం నిలబడ్డ తీరు. ఆ రోజు కాంగ్రెస్‌లో తొమ్మిది మంది, తెలుగుదేశంలో ఆరుగురు విప్‌ను ధిక్కరించి తీర్మానానికి ఓటేశారు. జూన్‌లో పదిహేను మందీ అనర్హులయ్యారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే మరో పార్టీ గుమ్మంలో ఉన్నారనుకోండి, మహాత్ములని నేననడం లేదు. కానీ చట్టం కోరలు చూపించిన ఘట్టం ఏదని వెతికితే ఇలాంటిది దొరుకుతుంది. సభలో పది మంది ఎదుట లేచి నిలబడి ఓటేస్తే సీటు పోతుంది.

అదే మనిషి ఓటు జోలికి పోకుండా ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లి, మెడ వంచి కండువా కప్పించుకుని, బయట కెమెరాల ముందు నియోజకవర్గ అభివృద్ధి కోసమే అన్నాడనుకోండి. చట్టానికి చత్వారం వచ్చేస్తుంది. నిజానికి పదో షెడ్యూలులో రెండూ నేరాలే. 1985లో రాజీవ్ గాంధీ హయాంలో వచ్చిన ఆ షెడ్యూలు, పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్నా అనర్హతే అంది, విప్‌ను కాదని ఓటేసినా అనర్హతే అంది. పార్టీ వదిలినట్టు తెలియడానికి రాజీనామా లేఖే అక్కర్లేదు, నడవడిక చాలని 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మూడో వంతు మంది చీలితే మాఫీ అనే వెసులుబాటు 2003లో ఎత్తేశారు. మూడింట రెండొంతుల మంది కలిసి వెళితే మాత్రం విలీనం అన్నారు. ఒక్కడు దూకితే ఫిరాయింపు, పన్నెండు మంది దూకితే రాజ్యాంగబద్ధం. తోడు దొరికేదాకా గోడ మీద కూర్చోవడం ఒక్కటే మిగిలిన పని.

ఆ పన్నెండు అంకె ఊరికే రాలేదు. 2018లో కాంగ్రెస్‌కు వచ్చినవి పంతొమ్మిది సీట్లు. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి శాసనసభకు రాజీనామా చేయగానే పద్దెనిమిది మిగిలారు. పద్దెనిమిదిలో మూడింట రెండొంతులు సరిగ్గా పన్నెండు. ఆ మర్నాడే, అంటే 2019 జూన్ 6న, పన్నెండు మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. లెక్కల మాస్టారు కూడా ఇంత కచ్చితంగా చెయ్యడు. అందులో కొల్లాపూర్ బీరం ఒకరు, నకిరేకల్ చిరుమర్తి లింగయ్య ఒకరు. ఆ విలీనానికి ముద్ర పడింది స్పీకర్ పోచారం శ్రీనివాస్ రెడ్డి హయాంలో. 2024 జూన్‌లో పోచారం గారు బీఆర్ఎస్ వదిలి కాంగ్రెస్‌లో చేరారు. అనుభవం ఎక్కడికి పోతుంది!

ఇప్పుడు గద్వాల వెళ్దాం. 2023లో బండ్ల కృష్ణమోహన్ రెడ్డి బీఆర్ఎస్ తరఫున గెలిచారు. 2024 జూలై మొదటి వారంలో కాంగ్రెస్ కండువా. అదే నెలాఖరున అసెంబ్లీలో కేటీఆర్‌ను కలిశారు, సొంతగూటికి వచ్చేశారని బీఆర్ఎస్ సంబరపడింది. రెండు రోజులు తిరక్కముందే ఒక మంత్రి గారు ఆయన ఇంటికి వెళ్లి మాట్లాడారు, ఆయన మళ్లీ కాంగ్రెస్ వైపే అన్నారు. బుజ్జగించడానికి వెళ్లిన ఆ మంత్రి ఎవరనుకున్నారు? జూపల్లి కృష్ణారావు. దారి తెలిసినవాడినే పంపాలి కదా.

గద్వాలతో పాటు మొత్తం పది మంది మీద బీఆర్ఎస్ ఫిర్యాదు చేసింది. ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని కోర్టు మెట్లెక్కింది. ఇదే పార్టీ అంతకుముందు 2014 నాటి పదిహేను మంది తెలుగుదేశం వాళ్లలో పన్నెండు మందిని, తర్వాత పంతొమ్మిది మంది కాంగ్రెస్ వాళ్లలో పన్నెండు మందిని మింగి నీళ్లు తాగింది. అప్పుడు దాన్ని రాజకీయ పునరేకీకరణ అన్నారు. ఫిర్యాది, ముద్దాయి కుర్చీలు మార్చుకున్నారు, వకీలు మాటలు మారలేదు. 2025 జూలై 31న సుప్రీంకోర్టు, ఆపరేషన్ సఫలమై రోగి చనిపోయిన చందాన కాకూడదంటూ, మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పింది. డిసెంబరులో స్పీకర్ గడ్డం ప్రసాద్‌కుమార్ ఐదుగురి సంగతి తేల్చారు. ఫిరాయించినట్టు ఆధారాల్లేవట. గద్వాల ఎమ్మెల్యే ఆ ఐదుగురిలో ఉన్నారు. అంటే కాగితం మీద ఆయన బీఆర్ఎస్. ఊళ్లో అడిగితే, 'మా సారు ఇయ్యాల ఏ పార్టీల ఉన్నడో రేపు పేపర్ జూసి చెప్త' అంటారు.

పాలమూరు బిడ్డ ముఖ్యమంత్రి అయ్యాడు, ఆయన్ని వదిలేస్తే అలుగుతారు. విద్యార్థిగా ఏబీవీపీ, ఆపై స్వతంత్ర ఎమ్మెల్సీ, కొడంగల్ నుంచి తెలుగుదేశం ఎమ్మెల్యే, 2017లో కాంగ్రెస్. తెలుగుదేశం వదిలేటప్పుడు రేవంత్ రెడ్డి గారు శాసనసభ్యత్వానికి రాజీనామా లేఖ రాసిన మాట నిజమే. అయితే అది స్పీకర్‌కు కాక చంద్రబాబుకు అందింది. చిరునామాలో చిన్న పొరపాటు! అదే రేవంత్ గారు 2025 మార్చిలో సభలోనే ఉప ఎన్నికలు రానే రావని భరోసా ఇచ్చారు. దూకినవాడికి ఇంతకంటే మెత్తని పరుపు ఎవరు పరుస్తారు?

నల్లగొండకు మాత్రం ఈ విషయంలో ఒక ప్రత్యేక గౌరవం దక్కింది. గుత్తా సుఖేందర్ రెడ్డి గారు 1999లో తెలుగుదేశం ఎంపీ. 2009లో, 2014లో కాంగ్రెస్ ఎంపీ. 2016 జూన్‌లో టీఆర్ఎస్‌లో చేరారు, 2019 దాకా ఎంపీగానే ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో శాసనమండలి ఛైర్మన్ అయ్యారు. మండలిలో ఎవరైనా పార్టీ ఫిరాయిస్తే తీర్పు చెప్పాల్సింది ఎవరనుకున్నారు? పదో షెడ్యూలు ప్రకారం సాక్షాత్తూ ఛైర్మన్. ఆ కుర్చీకి ఇంతకంటే విషయ పరిజ్ఞానం ఉన్నవారిని తేవడం ఎవరి తరం? ఆయన కంటే ముందు అదే కుర్చీ గొప్ప వేగం చూపింది. 2018 డిసెంబరులో మండలిలోని కాంగ్రెస్ సభ్యులు టీఆర్ఎస్‌లో కలుస్తామంటే ఆమోదముద్ర పడింది. నెల తిరక్కుండా, 2019 జనవరిలో, టీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన ముగ్గురు ఎమ్మెల్సీల మీద అనర్హత వేటు పడింది. గోడకు అటు నుంచి ఇటు దూకితే విలీనం, ఇటు నుంచి అటు దూకితే నేరం. చట్టం ఒకటే, గాలి ఎటు వీస్తోందన్నదే తేడా.

మిగతావాళ్లను గబగబా దాటేద్దాం. నాగర్‌కర్నూల్ నాగం జనార్దన్ రెడ్డి వృత్తికి డాక్టరు. తెలుగుదేశం, 2012లో స్వతంత్రం, 2013లో బీజేపీ, 2018లో కాంగ్రెస్, 2023లో బీఆర్ఎస్, రాష్ట్రంలో ఉన్న మందులన్నీ ఒక్కో డోసు వాడారు. మహబూబ్‌నగర్ మాజీ ఎంపీ జితేందర్ రెడ్డి 1999లో బీజేపీ, 2014లో టీఆర్ఎస్, 2019లో మళ్లీ బీజేపీ, 2024లో కాంగ్రెస్. డీకే అరుణ 2004లో గద్వాల నుంచి గెలిచింది సమాజ్‌వాదీ పార్టీ మీద. నడిగడ్డలో సోషలిజం ఒక ఎన్నిక పాటు వర్ధిల్లి, తర్వాత కాంగ్రెస్ మీదుగా కమలంలో సేదతీరుతోంది. మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022 ఆగస్టులో కాంగ్రెస్‌కు, ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చి బీజేపీలో చేరారు. పదవి వదిలినందుకు మెచ్చుకోవాలి, తప్పదు. నవంబరు ఉప ఎన్నికలో ఓటర్లు తొంభై మూడు శాతం తరలివచ్చి ఆయన్ని 10,309 ఓట్లతో ఓడించారు. కాంగ్రెస్‌లో ఉన్న అన్నగారు, అప్పటి భువనగిరి ఎంపీ వెంకట్ రెడ్డి, అసలు ప్రచారం వేళకు ఆస్ట్రేలియా వెళ్లారు. కుటుంబానికి, పార్టీకి మధ్య అంతకంటే తటస్థమైన ఖండం దొరకలేదు. 2023 అక్టోబరులో తమ్ముడు తిరిగి కాంగ్రెస్‌లో చేరి, గెలిచారు. ఐదుసార్లు ఎర్రజెండా ఎగిరిన ఆ మునుగోడులో, ఆ ఉప ఎన్నిక నాడు కమ్యూనిస్టులు చేసిందేమిటంటే కారుకు ఓటెయ్యమని ఊరూరా తిరగడం.

అందరినీ ఒకే గాటన కట్టకూడదంటారా? సరే, కల్వకుర్తి వెళ్దాం. 1969లో తొలిసారి శాసనసభకు వెళ్లిన సూదిని జైపాల్ రెడ్డి, ఎమర్జెన్సీని కాదని అధికారంలో ఉన్న కాంగ్రెస్‌ను వదిలి 1977లో జనతాలో చేరారు. ఆ రోజుల్లో పదో షెడ్యూలూ లేదు, ఆపేవాడూ లేడు. 1980లో మెదక్‌లో సాక్షాత్తూ ఇందిరా గాంధీ మీద నిలబడి రెండు లక్షల పైచిలుకు ఓట్లతో ఓడారు. గాలి ఎటు వీస్తోందో తెలియక కాదు. 1984లో, దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేసిన ఏడాది, జనతా తరఫున మహబూబ్‌నగర్‌లో గెలిచారు. ఆయనా చివరికి 1999లో కాంగ్రెస్‌కే తిరిగొచ్చారు, కేంద్ర మంత్రీ అయ్యారు. దీన్ని ఎత్తిచూపి ఇవాళ్టి వాళ్లు, చూశారా ఆయనా మారాడు అంటారు. మారారు. ఇరవై రెండేళ్లు పట్టింది. మునుగోడుకు పద్నాలుగు నెలలు, గద్వాలకు నెల కూడా పట్టలేదు. జైపాల్ ఎందుకు వెళ్లారో, ఎందుకు వచ్చారో ఆయన ఉపన్యాసాల్లో ఉంది, ఒప్పుకోకపోయినా వాదించవచ్చు. ఇప్పటివాళ్లతో ఏమని వాదిస్తాం? అభివృద్ధి వద్దందామా?

అభివృద్ధి అంటే గుర్తొచ్చింది. గోడ దూకిన ప్రతివాడూ చెప్పే కారణం అదే కాబట్టి లెక్క చూడాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు తిరిగిన నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం సుమారు 44 కిలోమీటర్లు. ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు, ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో మన నీళ్ల కోసం మట్టిలోకి దిగినవాళ్లు. వాళ్ల విషయంలో నాకు హాస్యమాడబుద్ధి కావడం లేదు. ఈ ఇరవై ఏళ్లలో ఈ రెండు జిల్లాల నాయకులు అభివృద్ధి కోసం ఎన్నిసార్లు పార్టీలు మారారో, అందులో ఒక్కో మార్పుకు ఒక్కో కిలోమీటరు తవ్వి ఉంటే నీళ్లు ఈపాటికి మర్రిగూడ దాటేవి.

ఈ నీళ్ల కోసమే 1996లో నల్లగొండ జనం ఒక పని చేశారు. లోక్‌సభ ఎన్నికలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఎవరికీ గెలవాలని లేదు, తమ నోళ్లలో పళ్లు, తమ పిల్లల కాళ్లు ఢిల్లీకి కనిపించాలని తప్ప. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 1952లో రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపిన జిల్లా మరి, ఏం చేసినా పెద్దగానే చేస్తుంది. గెలిచింది సీపీఐ ధర్మభిక్షం. మిగిలిన వాళ్లలో దాదాపు అందరి డిపాజిట్లూ గల్లంతు. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి 1,033 మంది పోటీ చేశారు.

చట్టసభ స్పందించింది. ఎంత చురుగ్గా అంటే, ఆ ఏడాదే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి పదివేలకు పెంచింది. స్వతంత్ర అభ్యర్థిని పది మంది ప్రతిపాదించాలంది. నీళ్లు రాలేదు గానీ నీళ్లడిగేవాడి మీద రుసుము వచ్చింది. ఇప్పుడది పాతికవేలు, అసెంబ్లీకి పదివేలు. 2023లో అదే కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరుబడ్డ నిరుద్యోగి శిరీష డిపాజిట్ కట్టి ఈల గుర్తు మీద నిలబడి ఐదు వేలకు పైగా ఓట్లు తెచ్చుకుంది. ఆ ఓట్లు డిపాజిట్‌కు చాలవు.

అఫిడవిట్‌లో ఆస్తులు అడుగుతున్నారు, అప్పులు అడుగుతున్నారు, కేసులు, చదువు, పాన్ నంబరు అడుగుతున్నారు. గతంలో కప్పుకున్న కండువాల వివరాలకు గడి లేదు. ఆ గడి పెట్టడం కష్టమైతే, డిపాజిట్ పద్ధతినే కాస్త ఇటు జరిపి చూడొచ్చు. గెలిచాక దూకదలచిన ప్రతి సభ్యుడూ దూకేముందు స్పీకర్ కార్యాలయంలో పాతికవేలు కట్టి రసీదు పుచ్చుకోవాలి. అవతల మంత్రి పదవి దొరికితే డిపాజిట్ గల్లంతు. దొరక్కపోతే, సొంతగూటికి చేరే రోజున రసీదు చూపించి వాపసు తీసుకోవచ్చు.